గేటు దగ్గర నేర్చుకున్నవి

నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాను. సొంత ఇల్లుంది, పిల్లలు స్థిరపడ్డారు. "కష్టపడి పైకొచ్చావు తాతా" అంటారు మా వీధి కుర్రాళ్లు. కష్టపడ్డ మాట నిజమే. నాతో సమానంగా కష్టపడి, నాకున్నదాంట్లో సగమైనా దక్కనివాళ్లు ఈ చంపావతి ఒడ్డునే చాలామంది ఉన్నారు. ఆ తేడా ఎక్కడ వచ్చిందా అని ఆలోచిస్తే నాకు తేలినవి ఇవి.

1. మన అదృష్టం ఒక్కోసారి పక్కవాడి జ్వరం.

మొదట్లో నేను బదిలీ వర్కర్ని. షిఫ్టు వేళకి గేటు దగ్గర నిలబడాలి. లోపల ఎవరైనా నాగా పెడితే ఆ పని మనది, అందరూ వస్తే ఇంటికి. నాకు కూలి దొరికిందంటే, ఇంకో ఇంట్లో ఆ రోజు కూలి పోయిందన్నమాట. దొరికినందుకు సంతోషించాను గాని, అది నా గొప్ప అనుకోవడానికి మనసొప్పలేదు.

2. పనితనం మనది, గిరాకీ మనది కాదు.

నారని నూలు చేసి, నూలుని గోనెసంచి చేసే విద్య మాది. ప్లాస్టిక్ సంచి వచ్చాక దానికి విలువ ఏముంటుంది? అయితే తిండిగింజలకి, చక్కెరకి జనపనార సంచులు వాడాలని 1987లో పార్లమెంటు చట్టం చేసింది. మా ముఖాలు ఎరగనివాళ్లు ఢిల్లీలో చేసిన చట్టంతో మా పొయ్యి వెలిగింది. కానీ మాకన్నా ఎంతో సన్నని పని చేసే చేనేతవాళ్లని మరమగ్గం దెబ్బతీసింది. నేర్పులో వాళ్లు మాకు తీసిపోయారా?

3. బతికి ఉండడం ప్రతిభ కాదు.

1994లో మా ఊళ్లో పోలీసు కాల్పుల్లో జూట్ కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వేళ నేను అత్తవారి ఊళ్లో ఉన్నాను. అది నా తెలివీ కాదు, నా పుణ్యమూ కాదు. పోయినవాళ్లది పాపమూ కాదు. "రామతీర్థం రాముడు నిన్ను కాచాడు" అని ఎవరైనా అంటే దణ్ణం పెడతాను. వాళ్లనెందుకు కాయలేదన్న ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

4. అదృష్టానికి చాలాసార్లు మనిషి పేరు ఉంటుంది.

ఘంటసాల కుర్రతనంలో సంగీతం కోసం విజయనగరం వచ్చేసరికి ఇక్కడి సంగీత కాలేజీకి సెలవులు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఇంట్లో చోటిచ్చి పాఠం చెప్పారు. తర్వాత మధూకరం ఎత్తుకుని చదువుకుంటుంటే ఊళ్లోని తల్లులు అన్నం పెట్టారు. గొంతు ఆయనదే. ఆ తలుపులు తీసినవాళ్లు వేరు. మీ జీవితంలోనూ అలాంటి పేర్లు ఉంటాయి. వాళ్లు బతికి ఉండగానే వెళ్లి చెప్పండి.

5. కలిసొచ్చినవాడు నీతులు తగ్గించుకోవాలి.

ఉద్యోగం రాని కుర్రాడికి "నాలా కష్టపడు" అని చెప్పడం తేలిక. నాకు కలిసొచ్చినవి దాచిపెట్టి కష్టం ఒక్కటే చూపిస్తే, వాడు తనలోనే ఏదో లోపం ఉందనుకుంటాడు. అందుకని నేను రెండూ చెబుతాను. ఆ తర్వాత "ఏటి బావూ, మళ్లీ పరీక్ష ఎప్పుడు? ఫీజు ఎంత?" అని అడుగుతాను. కట్టగలిగితే కడతాను. కృతజ్ఞతకి ఇంతకన్నా పనికొచ్చే దారి నాకు కనపడలేదు.