విడిచిన బట్టల సంచి: ఈ నెల లెక్కల పాఠం మీ ఇంట్లోనే



తెల్ల యూనిఫాం మీద గులాబీ మరకలు చూపించి, "ఇదేం నీళ్లో మేడం, ఎంత ఉతికినా పోవడం లేదు" అని ఈ టర్మ్‌లో ఇద్దరు ముగ్గురు అమ్మలు నాతో అన్నారు. తప్పు నీళ్లది కాదు. రెడ్ హౌస్ టీషర్టూ తెల్ల చొక్కా ఒకే బకెట్లో నానాయి. విడిచినప్పుడే తెల్లవి ఒక సంచిలో, రంగువి ఇంకో సంచిలో వేసే అలవాటుంటే ఈ గొడవే లేదు. ఆ రెండు సంచులూ మీ పిల్లల చేతే కుట్టించమని అడగడానికి ఈ పేజీ రాస్తున్నాను. అబ్బాయిల చేత కూడా.

లెక్కల టీచర్‌కు కుట్టుపనితో ఏం పని అనుకోకండి. మొన్న ఏడో తరగతిలో, చుట్టుకొలత టెస్టులో దాదాపు ఫుల్ మార్కులు తెచ్చుకున్న ఒక బాబుకి పాత దుప్పటి ముక్క, టేపు, చాక్‌పీసు ఇచ్చాను. "50 సెంటీమీటర్ల వెడల్పు, 65 ఎత్తు ఉన్న సంచి కావాలి, గుడ్డ ఎంత కత్తిరిస్తావు?" అన్నాను. అడుగున కుట్టు లేకుండా మడత వస్తుంది కాబట్టి 65కి రెట్టింపు 130 అని చకచకా చెప్పి, 50 × 130 గీసేశాడు. కుట్టి చూస్తే వెడల్పు 47 వచ్చింది, ఎత్తు 60. "మేడం, టేపు తప్పు" అన్నాడు! టేపు సరిగ్గానే ఉంది. రెండు పక్కలా కుట్టులోకి పోయే 1.5 సెంటీమీటర్లు, పైన నాడా దూర్చే మడతలోకి పోయే 5 సెంటీమీటర్లు అతని లెక్కలో లేవు. పుస్తకంలో గీసిన దీర్ఘచతురస్రానికి కుట్టు ఉండదు కదా. తర్వాత తనే బోర్డు మీద 50 + 1.5 + 1.5 = 53 అనీ, 130 + 5 + 5 = 140 అనీ రాశాడు. ఆ రెండు లైన్లు నేను చెప్పి ఉంటే వాడికి ఇంత గుర్తుండేవి కావు. అందుకే మీకు ఒక విన్నపం: మీ పిల్లలు తప్పుగా గీస్తుంటే వెంటనే ఆపకండి. గుడ్డ పాతదే. ఒక ముక్క పోతే పోనివ్వండి.

గుడ్డ విషయానికొస్తే, మందపాటి కాటన్ చీర అన్నిటికన్నా మంచిది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, పల్చబడిన చోట వదిలేయండి. కుచ్చిళ్ల దగ్గర, కాళ్లకు తగిలే చోట చీర ముందు అరుగుతుంది. రెండు చేతులతో గట్టిగా లాగినప్పుడు చిరుగు శబ్దం వస్తే ఆ చీర తుడుపు గుడ్డలకే. ఇక్కడ పిల్లలకు పడుగు, పేక అనే మాటలు చెప్పండి. చీర పొడవునా నడిచేవి పడుగు దారాలు, అడ్డంగా అల్లినవి పేక. సాధారణంగా పడుగు తక్కువ సాగుతుంది, బరువు బాగా ఆపుతుంది. అందుకే సంచి నిలువు చీర పొడవు వైపే రావాలి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన లెక్క. మీ చీర వెడల్పు 115 సెంటీమీటర్లు ఉందనుకుందాం (ముందు కొలిపించండి, అన్ని చీరలూ ఒకలా ఉండవు). 140 పొడవున ఒక ముక్క కత్తిరిస్తే, పక్కపక్కనే 53 చొప్పున రెండు సంచులకు 106 పోతుంది. 9 సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. దాన్ని నిలువునా సగం చేస్తే 4.5 చొప్పున రెండు పట్టీలు. అంచులు లోపలికి మడిచి కుడితే అవే రెండు సంచులకు నాడాలు! సంచి మూతి చుట్టూ 100 పోను, ముడి వేయడానికి చెరో పక్క 20 మిగులుతుంది. పారేసే ముక్క ఒక్కటీ ఉండదు. ఈ లెక్క ముందే చెప్పేయకండి, "మిగిలిన పట్టీతో ఏం చేద్దాం?" అని అడిగి ఊరుకోండి.

కుట్టడం పెద్ద కష్టం కాదు. ముందు ముక్క నాలుగు మూలల దగ్గర, పక్క అంచులను ఆరేడు సెంటీమీటర్ల మేర లోపలికి మడిచి కుట్టాలి, లేకపోతే నాడా దూరే చోట పోగులు ఊడతాయి. తర్వాత 53 వెడల్పు ఉన్న రెండు చివర్లనూ ఒక సెంటీమీటరు, దాని మీద ఇంకో నాలుగు మడిచి, మడత కింది అంచు వెంట కుట్టు వేయాలి. ఇది నాడా దారి. (కొన్ని ఇళ్లలో బొందు అంటారు, మా అమ్మమ్మ అలాగే అనేది.) గుడ్డ మంచి వైపు లోపలికి వచ్చేలా సగానికి మడిచి, నాడా దారి కింది నుంచి అడుగు వరకు రెండు పక్కలూ కుట్టాలి. నాడా దారి పక్కలు మాత్రం తెరిచే ఉండాలి. మా క్లాసులో సగం మంది అక్కడే మూసేసి మళ్లీ విప్పారు. తిరగేసి, నాడాకు పిన్నీసు గుచ్చి, ముందు వైపు దూర్చి, వెనక వైపు నుంచి మొదలుపెట్టిన చోటికే తేవాలి. మిషన్ లేకపోతే చేతి కుట్టే చాలు. కానీ నాడా దారికి కింద, బరువు పడే రెండు మూలల్లో, అదే చోట మూడు నాలుగు సార్లు వెనక్కి వచ్చి కుట్టించండి. చిన్నవాళ్లయితే కత్తెర మీ చేతిలో ఉండాలి.

సంచి అయ్యాక ఒక ప్రశ్న అడగండి: "50 వెడల్పున్న సంచి, గోడకూ బీరువాకూ మధ్య ఉన్న 40 సెంటీమీటర్ల సందులో పడుతుందా?" చాలామంది పట్టదంటారు. బట్టలతో నింపి చూపించండి. నిండిన సంచి గుండ్రంగా అవుతుంది. చుట్టుకొలత 100, దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం సుమారు 32. సందులో హాయిగా పడుతుంది.

ఇదంతా చెబితే ఒక నాన్నగారు, "మా వాడికి సాయంత్రం ఫౌండేషన్ క్లాసులున్నాయండీ, సూదీ దారం ఎందుకు?" అన్నారు. ఆయన తొందర నాకు అర్థమైంది. నేనూ ఇంటర్‌కి హాస్టల్లో చేరిన దాన్నే. మార్కులు బాగా వచ్చేవి. బట్టల సంగతి మాత్రం ఏమీ తెలియదు. చెమట పట్టిన చుడీదార్లు తడితడిగానే ప్లాస్టిక్ కవర్లో కుక్కి మంచం కింద పెట్టేదాన్ని. వానాకాలంలో పది రోజులకు విప్పితే నల్లటి బూజు చుక్కలు, వాసన. రూమ్మేట్లు ఏమీ అనలేదు, కిటికీ తెరిచారంతే. ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి, కారణం చెప్పకుండా ఏడ్చాను. మన పిల్లల్లో చాలామంది ఇంకో మూడు నాలుగేళ్లలో హాస్టళ్లకు వెళ్లేవాళ్లే. రెండు ఆదివారం సాయంత్రాలు చాలండీ, క్లాసు ఏదీ పోదు.

సంచిలో వేసే ముందు తడి బట్టను కాసేపు తాడు మీద ఆరేయాలి. కాటన్ సంచికి గాలి ఆడుతుంది కానీ, తడి టవల్‌ను కుక్కితే అందులోనూ బూజు పడుతుంది. జేబులు చూసుకునే పని వేసినవాళ్లదే. చీర ముదురు రంగుదైతే, ఒక మూల తడిపి తెల్ల గుడ్డతో రుద్ది చూడండి. రంగు దిగితే దాన్ని తెల్ల బట్టల సంచికి వాడొద్దు. వారానికోసారి సంచిని కూడా బట్టలతో పాటే ఉతకండి.

వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌కి మీ పిల్లలు కుట్టిన సంచి తీసుకురండి. కుట్టు వంకరగా ఉంటే విప్పి మీరు సరిచేయకండి. కొలతలు రాసుకున్న కాగితం కూడా, కొట్టివేతలతో సహా, సంచిలోనే పెట్టి పంపండి.