సగం అనలాగ్, సగం డిజిటల్: ఒక డ్రమ్ యంత్రం చెప్పిన పాఠం

అనలాగ్‌కూ డిజిటల్‌కూ తేడా ఏమిటని డిగ్రీ పరీక్షలో అడిగితే, మేము నిలువు గీత గీసి ఐదు తేడాలు రాసి ఐదు మార్కులూ తెచ్చుకున్నాం. అంతా గైడులోంచి బట్టీ పట్టిందే. పి.జి.లో ఎలక్ట్రానిక్స్ తీసుకున్నాక ఒక పాత జపాన్ యంత్రం గురించి చదివితే గానీ ఆ సంగతి బుర్రకెక్కలేదు.

దాని పేరు టి.ఆర్.-909. రోలాండ్ కంపెనీ 1983లో విడుదల చేసింది. వాయించే మనిషి లేకుండానే దరువు వేసే పెట్టె అది. వరుసగా 16 బటన్లు ఉంటాయి. ఏ అడుగున ఏ శబ్దం రావాలో నొక్కి పెడితే అదే తిరిగి తిరిగి మోగుతుంది.

అందులో పెద్ద డ్రమ్ము శబ్దం ఎక్కడా దాచి లేదు. ఆసిలేటర్ అనే సర్క్యూట్ ప్రతిసారీ అప్పటికప్పుడు పుట్టిస్తుంది. కరెంటు మొదట వేగంగా ఊగి, రెప్పపాటులో నెమ్మదించి, ఆగిపోతుంది. స్పీకరు అట్ట కూడా అలాగే ఊగితే మనకు 'ధమ్' అని వినిపిస్తుంది. డప్పును మంటకు కాచి చర్మం బిగిస్తే శ్రుతి పెరుగుతుంది కదా! ఇందులోని టామ్ డ్రమ్ములకు నాబ్ తిప్పితే చాలు. ఇది అనలాగ్.

సింబల్స్ సంగతి వేరు. లోహపు పళ్లేన్ని కొడితే ఒకదానితో ఒకటి పొసగని కంపనాలు ఎన్నో ఒకేసారి లేస్తాయి. 1980 నాటి టి.ఆర్.-808లో ఆరు ఆసిలేటర్లు కలిపి ఆ శబ్దాన్ని అనుకరించారు. మా చెవికైతే అది రేకు చప్పుడే. అందుకే 909లో నిజమైన సింబల్ శబ్దాన్ని రికార్డు చేసి, అంకెలుగా మార్చి చిప్పులో పెట్టారు. ఇది డిజిటల్. అయితే ఆనాడు మెమొరీ ఖరీదు. ఒక్కో కొలతకు 6 బిట్లే ఇచ్చారు, అంటే 64 మెట్లు. సీడీలో 16 బిట్లు, 65,536 మెట్లు. 64 మెట్లతో కొలిస్తే శబ్దం గరుకుగా ఉండదా? ఉంటుంది. ఆ గరుకుదనమే దాని గొంతు అయింది. పైగా చిప్పులోంచి వచ్చిన ఆ శబ్దాన్ని చివరికి తగ్గించేది మళ్లీ అనలాగ్ సర్క్యూటే.

'డిజిటల్ మేలైనది' అని మేము రాసిన జవాబుకు మార్కులు ఎలా పడ్డాయో!

909 పెద్దగా అమ్ముడుపోలేదు. అసలు డ్రమ్ములా లేదన్నారు. సుమారు 10,000 చేసి ఆపేశారు. సెకండ్‌హ్యాండులో చవకగా దొరికేసరికి చికాగో, డెట్రాయిట్ నగరాల్లోని నల్లజాతి యువకుల చేతికి వచ్చింది. వాళ్లు దాన్ని అసలు డ్రమ్ముతో పోల్చలేదు, యంత్రాన్ని యంత్రంలాగే మోగనిచ్చారు. హౌస్, టెక్నో సంగీతాలకు ఆ 'ధమ్' వెన్నెముక అయింది.

రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషి (1930-2017) పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నాడు. గడియారాలు బాగుచేసి బతికాడు, టి.బి.తో ఏళ్లు ఆసుపత్రిలో గడిపాడు. సంగీతం నేర్చుకున్నవాడు కాదు. 2013లో ఆయనకు సాంకేతిక గ్రామీ పురస్కారం వచ్చింది.

మేము కూడా ల్యాబులో ఒక ఆప్-ఆంప్, నాలుగు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లతో 'ధమ్' పుట్టించబోయాం. మొదటిరోజు మోగలేదు. కెపాసిటర్ విలువ తప్పు చదివాం. రెండోరోజు మోగింది. డప్పు వాయించే మా నాన్నకు ఫోనులో వినిపిస్తే, "సరిగా కాయలేదురా, మెత్తగా ఉంది" అన్నారు. ఒక రెసిస్టర్ విలువ తగ్గించి మళ్లీ వినిపించాం.

"ఆఁ, ఇప్పుడు కాగింది" అన్నారు.