డిసెంబర్ 25: ఒకే తేదీ, రెండు జ్ఞాపకాలు



డిసెంబర్ 25 దగ్గర పడేసరికి మన ఉపాసకుల ఇళ్ళలో ఒక ప్రశ్న లేస్తుంది. పల్లెలో చర్చి మీద నక్షత్రం కడతారు. "పండక్కి పిల్లల్ని తీసుకుని రండి" అని మేనమామ ఇంటి నుంచి కబురొస్తుంది. అదే సాయంత్రం విహారంలో మనుస్మృతి దహన దినం సభ ఉంటుంది. వెళ్తే ధమ్మం తప్పినట్టా? వెళ్ళకపోతే బంధుత్వం తెంచుకున్నట్టా? జవాబు చెప్పుకునే ముందు ఆ రోజు ఏం జరిగిందో తెలుసుకుందాం.

మహద్‌లో జరిగింది

ప్రభుత్వ నిధులతో నడిచే చెరువులు, బావులు, బడులు అంటరానివాళ్ళకూ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ కూడా చవదార్ చెరువు అందరిదీ అంది. కాగితం మీద చెరువు తెరుచుకుంది గానీ, మనవాళ్ళని అందులో దిగనివ్వలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలాదిమందితో నడిచి వెళ్ళి ఆ నీళ్ళు తాగారు. పశువులు తాగితే మైలపడని చెరువు మనుషులు తాగితే మైలపడిందట! సభకు వచ్చినవాళ్ళ మీద దాడి చేశారు. తర్వాత ఆవు పేడ, మూత్రంతో చెరువును "శుద్ధి" చేశారు.

అదే ఏడాది డిసెంబర్‌లో రెండో సభ పెట్టారు. ఊళ్ళో ఎవరూ చోటు ఇవ్వకపోతే ఫత్తేఖాన్ అనే ముస్లిం తన స్థలం ఇచ్చాడు. డిసెంబర్ 25 రాత్రి ఆ సభలో మనుస్మృతిని తగలబెట్టారు. ఆ తీర్మానం పెట్టిన గంగాధర్ నీలకంఠ్ సహస్రబుద్ధే పుట్టుకతో బ్రాహ్మణుడు. బలపరిచినవాడు అంటరాని కులానికి చెందిన పి. ఎన్. రాజ్‌భోజ్.

చెరువు దగ్గరికి పోకూడదని అప్పటికే కోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. బాబాసాహెబ్ దాన్ని మీరలేదు. పదేళ్ళు న్యాయపోరాటం చేసి 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టులో గెలిచారు.

ఇందులో ధమ్మం ఏమిటి?

మనిషిని పుట్టుకతో కొలిచే నియమం, స్త్రీకి ఏ వయసులోనూ స్వాతంత్ర్యం లేదన్న నియమం, ఒకే తప్పుకు కులాన్ని బట్టి వేరు వేరు శిక్షలు చెప్పిన నియమం ఆ రాత్రి కాలిపోయాయి. ఏ మనిషి ఒంటి మీదా నిప్పు పడలేదు. మార్చిలో దెబ్బలు తిన్నవాళ్ళే డిసెంబర్‌లో కోపాన్ని అంత అదుపులో పెట్టుకున్నారు. ద్వేషం ద్వేషంతో చల్లారదని బుద్ధుడు చెప్పింది ఆచరణలో ఇలా ఉంటుంది. బాబాసాహెబ్ దీక్ష తీసుకున్నది 1956లో. ధమ్మం దారిలో ఆయన నడక అంతకు చాలా ముందే మొదలైంది.

మరి క్రిస్మస్ సంగతి?

ఏసు ఏ రోజు పుట్టాడో బైబిల్ చెప్పదు. డిసెంబర్ 25న ఆ పండగ చేసుకోవడం నాలుగో శతాబ్దంలో రోమ్‌లో స్థిరపడింది. మహద్ మంటకూ ఆ పండక్కీ పగ ఏమీ లేదు. మన తాతల్లో చాలామందికి అక్షరం చెప్పింది మిషన్ బడే. ఊరు గుమ్మం దాటనివ్వని రోజుల్లో చర్చి వాళ్ళను లోపలికి పిలిచింది. ఆ మేలు మరిచిపోవడం ధమ్మం కాదు.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో పన్నెండోది ఇదే చెబుతుంది: పక్కవాళ్ళ మతాన్ని కించపరిచేవాడు తన మతానికే చేటు చేస్తాడు. కాబట్టి మేనమామ ఇంటికి వెళ్ళండి, కలిసి భోంచెయ్యండి. కేకు ముక్క తింటే త్రిశరణం చెదరదు. ప్రార్థన వేళ మర్యాదగా కూర్చోండి. మన శరణం బుద్ధం, ధమ్మం, సంఘం అని ఎవరైనా అడిగితే నెమ్మదిగా చెప్పండి. సాయంత్రానికి విహారానికి రండి. వాళ్ళను కూడా పిలవండి. మనువు వాళ్ళ తాతనూ ఊరి బయటే ఉంచాడు కదా!

అసలు పరీక్ష ఇంట్లోనే

పుస్తకం కాలి తొంభై ఏళ్ళు దాటింది. నియమాలు మాత్రం ఇంకా మన ఇళ్ళలోనే తిరుగుతున్నాయి. మాల ఇంటి పిల్ల మాదిగ ఇంటి కుర్రాణ్ణి చేసుకుంటానంటే గోడ మీది బాబాసాహెబ్ పటం సాక్షిగా గొడవ పడుతున్నాం. కొడుక్కి పొలం, కూతురికి చీరె పెట్టి సరిపెడుతున్నాం. బౌద్ధులకు కూడా హిందూ వారసత్వ చట్టమే వర్తిస్తుంది. 2005 సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. ఆడవాళ్ళ ఆస్తి హక్కు కోసం తెచ్చిన హిందూ కోడ్ బిల్లును ముందుకు సాగనివ్వనందుకు కూడా 1951లో బాబాసాహెబ్ మంత్రి పదవి వదులుకున్నారు. ఆడపిల్ల వాటా ఎగ్గొట్టి సభలో జై భీమ్ అంటే ఎవరికి చెబుతున్నట్టు?

మనుషులందరూ సమానులని నమ్ముతానన్నది 22 ప్రతిజ్ఞల్లో ఒకటి. సమానత్వం కోసం కృషి చేస్తానన్నది మరొకటి. ఈ డిసెంబర్ 25న త్రిశరణ పంచశీలాలు చెప్పుకున్నాక, పిల్లలకు మహద్ కథ పది నిమిషాలు చెప్పండి. తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ ప్రశ్నలు వేసుకోండి:

1. మన ఇంట్లో చివరగా తినేది ఎవరు? ఎందుకు?
2. పొలం, ఇంటి కాగితాల్లో ఆడవాళ్ళ పేరు ఉందా?
3. మనకంటే "తక్కువ" అని మనం అనుకునే కులం ఏదైనా ఉందా?
4. వచ్చే డిసెంబర్ 25 లోపల వీటిలో ఏది మార్చుకుంటాం?

నాలుగో ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసి పటం వెనక పెట్టుకోండి. ఏడాది తర్వాత తీసి చదవండి.

నమో బుద్ధాయ. జై భీమ్.