కొత్త పంచ్ కొనే ముందు

రాజమహేంద్రవరం

లలితా,

దాత కార్నియాలు కోసే కొత్త పరికరాలను పరీక్షించే పని నేత్రనిధిలో నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమమ్మా. కంపెనీ పేరుకి, మెరుపుకి లొంగిపోకు. పరికరం కోసి వదిలిన కణజాలాన్ని చూసి తీర్పు చెప్పు.

ముఖ్యంగా లోపలి వరసను, ఎండోథీలియాన్ని చూడు. కార్నియాలో చేరే నీటిని తోడిపోసి దాన్ని తేటగా ఉంచేవి ఆ ఒంటి వరస కణాలే. మన కంట్లో అవి పోతే మళ్లీ పుట్టవు. అందుకే లోపలివైపు పైకి ఉండేలా కార్నియాను టెఫ్లాన్ దిమ్మె గుంటలో పెట్టి, గుండ్రంగా కోసే బ్లేడున్న పంచ్ దించుతాం. ఒక్క నొక్కుకే చుట్టూరా తెగాలి. ఎక్కడైనా పోగు మిగిలి కత్తెర పెట్టాల్సి వచ్చిందా, అంచు చెదిరినట్టే. 10-0 నైలాన్ దారంతో ఎంత ఓపిగ్గా కుట్టినా, అలా కోసిన బిళ్ల, అంటే బటన్, సమంగా కూర్చోదు, రోగి చూపు వంకరపోతుంది.

కోశాక ట్రైపాన్ బ్లూ చుక్క వేయి. చచ్చిన కణాల కేంద్రకాలు నీలమవుతాయి. మైక్రోస్కోపు కింద అంచు వెంబడి ఆ నీలిపట్టీ వెడల్పు కొలువు. సన్నగా, చుట్టూ ఒకే తీరుగా ఉంటే మంచిదే. ఒకవైపే వెడల్పుగా ఉంటే తప్పు బ్లేడుదా, దిమ్మెదా, చేతిదా తేల్చాలి. దిమ్మె మీద గుర్తు పెట్టుకుని, బ్లేడును పావు చుట్టు తిప్పి ఇంకో కార్నియా కోయి. పట్టీ కూడా బ్లేడుతోపాటు జరిగితే తప్పు బ్లేడుదే. జరక్కపోతే దిమ్మెనో, నీ చెయ్యి తీరునో అనుమానించు.

8 మిల్లీమీటర్ల పంచ్‌తో ఆపేయకు. మన డెల్టాలో వరి కోతల్లో ఆకు గీరుకుని, నూర్పిళ్లలో ఊక పడి, బూజు పుండుతో వచ్చేవాళ్లుంటారు. పుండు ఎంత పాకితే బటన్ అంత పెద్దది కావాలి. 9, 10 సైజుల్లోనూ అంచు చూడు.

కార్నియా లోపలి పొరను మాత్రమే మార్చే డీశాక్ ఆపరేషన్‌కి కణజాలాన్ని పొరగా కోసే మైక్రోకెరటోమ్ తల మీద 350 అని ఉన్నంత మాత్రాన సరిగ్గా 350 మైక్రాన్లే కోస్తుందని నమ్మకు. కార్నియాను బిగించే కృత్రిమ చాంబర్‌లో ఒత్తిడిని బట్టి, చెయ్యి జరిగే వేగాన్ని బట్టి లోతు మారుతుంది. కోతకు ముందూ తర్వాతా మందం కొలిచి రాసిపెట్టుకో.

ఈ పరీక్షలకు మార్పిడికి పనికిరాని కార్నియాలే, అదీ కుటుంబం పరిశోధనకు ఒప్పుకున్నవే వాడాలి. మేక కళ్లు చెయ్యి తిరగడానికి పనికొస్తాయి గానీ తీర్పుకి చాలవు, మందమూ వంపూ వేరు.

ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన సినీ దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ గారి పేరిట 1987లో హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రి వెలిసింది. 1989 నుంచి అక్కడ రామాయమ్మ నేత్రనిధి నడుస్తోంది. అక్కడ కొన్నాళ్లు పని నేర్చుకునే వీలుంటే వదులుకోకు.

ఒక్కసారికే ఉద్దేశించిన బ్లేడును స్టెరిలైజ్ చేసి మళ్లీ వాడదామని ఎవరన్నా, ఎంత పెద్దవాళ్లన్నా, ఒప్పుకోవద్దు. నీ కొలతల పుస్తకం పేజీలు ఫొటో తీసి పంపు, నేనూ చూస్తాను.

మీ పెదనాన్న