రెండో చోటు క్రియది

కాకినాడ

బుజ్జీ,

నువ్వు స్వీడన్‌లో స్వీడిష్ క్లాసు మానేశావని మొన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "అక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చునటగా అన్నయ్యా, ఇంకెందుకూ" అని పైగా నిన్నే వెనకేసుకొచ్చింది. ముందు ఇది చెప్పు: డి విటమిన్ మాత్రలు వేసుకుంటున్నావా? నవంబరు ఆఖరుకి అక్కడ మధ్యాహ్నం మూడింటికే పొద్దు గూకుతుంది. ఒంటి సంగతి చూసుకో తల్లీ.

కొట్లో నువ్వు స్వీడిష్‌లో అడిగితే ఆ పిల్ల ఇంగ్లీషులో బదులిచ్చిందని రాశావు. అది చిన్నచూపు కాదే, సాయం చేస్తున్నాననుకుంది. నువ్వన్న మాట చూడు: "ఇదాగ్ యాగ్ విల్ హా కఫ్ఫె." ఇవాళ నాకు కాఫీ కావాలి. మాటలన్నీ సరైనవే, వరసే తప్పింది. "ఇదాగ్ విల్ యాగ్ హా కఫ్ఫె" అనాలి. మామూలు వాక్యంలో మొదటి విస్తరి ముందు ఎవరైనా కూర్చోవచ్చు: నేను, ఇవాళ, కాఫీ, ఎవరైనా సరే. రెండో విస్తరి మాత్రం క్రియది. 'ఇవాళ' ముందుకొస్తే 'నేను' లేచి క్రియ వెనక్కి వెళ్లాలి. అంతే!

రెండోదంటే రెండో పదం అనుకునేవు, కాదు. "నేర్ యాగ్ కొమ్మర్ హెమ్, ద్రికర్ యాగ్ తే." 'నేను ఇంటికొచ్చినప్పుడు' అన్నదంతా కలిసి ఒక్క చోటే, దాని వెంటనే 'తాగుతాను' రావాలి. అడిగేటప్పుడైతే క్రియ ఏకంగా మొదటికే వస్తుంది: "ద్రికర్ దు కఫ్ఫె?"

మనకి ఈ బెడద లేదు. కుక్క మనిషిని కరిచిందన్నా, మనిషిని కుక్క కరిచిందన్నా కరిచింది కుక్కే, 'ని' కాపాడుతుంది. స్వీడిష్ నామవాచకాలకి అలాంటి విభక్తులు లేవు. "హుండెన్ బీతెర్ మన్నెన్" అంటే కుక్క మనిషిని కరుస్తుంది. అటూ ఇటూ మార్చావో, విన్నవాళ్లు మనిషే కుక్కని కరుస్తాడనుకుంటారు. క్రియ కూడా నేను, నువ్వు, వాళ్లు అందరికీ ఒకే రూపం. బరువంతా వరస మీదే పడింది. అందుకే ఇంత చాదస్తం.

వెస్టెరోస్‌లో నేను స్వీడిష్ నేర్చుకుంటూ ఉన్న ఇంటావిడకి ఇంగ్లీషు ముక్క రాదు. అదే నా అదృష్టం. ఆవిడ తప్పు దిద్దేది కాదు. నేనన్న వాక్యాన్నే సరైన వరసలో తను మళ్లీ అని, ఏమీ ఎరగనట్టు సోయాకూర చల్లిన బంగాళాదుంపలు నా పళ్లెంలో పడేసేది. పచ్చిచేప ఊరవేసిన సీసా మూత తీస్తే మాత్రం నేను వరండాలోకి పరుగు. ఆవిడ పిల్లి నా వెనకే వచ్చేది... ఎక్కడికో పోయాను.

సాయంత్రం క్లాసులో మాస్టారు బోర్డు మీద గళ్లు గీసేవాడు. 1946లో డెన్మార్క్ వ్యాకర్త పౌల్ డిడెరిక్సెన్ వేసిన పట్టిక దారి అది. ఏ మాట ఏ గడిలో పడుతుందో కళ్లకి కట్టేది. నువ్వూ నోటుబుక్కులో గీసుకో.

ఇక 'ఇంతె', అంటే 'కాదు'. "హున్ కొమ్మర్ ఇంతె": ఆమె రాదు. 'ఆమె రాదని చెప్తోంది' అన్నప్పుడు, 'ఆమె రాదని' అన్న ముక్క "అత్ హున్ ఇంతె కొమ్మర్". ఉపవాక్యంలో 'ఇంతె' క్రియ ముందుకి దూకుతుంది. దీనికి మీ టీచర్లు 'బిఫ్' అని కొండగుర్తు చెప్పే ఉంటారు. జర్మన్ నేర్చిన మీ అన్నయ్య మాట వినకు. వాళ్ల ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుంది, ఇక్కడ పోదు.

స్టాక్‌హోమ్ శివారు రింకెబీ కుర్రాళ్లు "ఇదాగ్ యాగ్" అంటారుగా అంటావు. వాళ్లు అక్కడే పుట్టి పెరిగినవాళ్లు, కావాలనుకుంటే రెండు రకాలుగానూ మాట్లాడగలరు. నీకింకా ఒకటే రాలేదు. కోప్పడుతున్నాననుకోకు బంగారం, నీ గొంతు విని చాన్నాళ్లయి ఇలా వాగుతున్నాను.

వలసొచ్చినవాళ్లకి స్వీడిష్ నేర్పడానికి కమ్యూన్, అంటే అక్కడి మునిసిపాలిటీ, నడిపే ఎస్ఎఫ్ఐ క్లాసుకి (మన కాలేజీల్లో జెండాలు పట్టుకునే ఎస్ఎఫ్ఐ కాదు) ఫీజు లేదు. సోమవారం వెళ్లి మళ్లీ చేరు. ఈసారి ఉత్తరంలో ఒక పేరా స్వీడిష్‌లో రాయి. ఒక్క వాక్యం కూడా 'యాగ్'తో మొదలెట్టకూడదు.

ఇట్లు,
మావయ్య