ఎక్కడ అన్నదే మొదటి ప్రశ్న

అనాటమీ చెప్పి రిటైరయ్యాక కూడా ఫస్టియర్ పిల్లలు మా ఇంటికి వస్తూనే ఉంటారు. అందరిదీ ఒకటే గోడు, పేర్లు గుర్తుండటం లేదు సార్ అని. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ వరసగా రాస్తున్నాను. నర్సింగు పిల్లలకూ ఇవి పనికొస్తాయి. కొన్ని ఇంట్లోవాళ్లకు కూడా.

1. ముందు మనిషిని నిలబెట్టండి.

బోర్లా పడుకున్న మనిషికి ‘పైన’ అంటే వీపా, తలా? ఈ తగువు రాకుండా అనాటమీ ఒక కట్టుబాటు చేసుకుంది. మనిషి నిటారుగా నిలబడి ఉంటాడు. చూపు ఎదురుగా, చేతులు పక్కన, అరచేతులు ముందుకు. అతను నిజంగా ఎలా పడుకున్నా లెక్కంతా దీని ప్రకారమే. కుడి ఎడమలు ఎప్పుడూ రోగివే, ఎదురుగా నిలబడ్డ మీవి కావు. గోడ మీది ఎక్స్‌రేలో మీ కుడిచేతి వైపు కనబడేది అతని ఎడమ పక్క. ఇది బాగా తెలిసినవాళ్లకూ తొందరలో తారుమారవుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ భద్రతా జాబితాలో, కత్తి పెట్టకముందే రోగి పేరుతోపాటు కోయాల్సిన చోటు కూడా పైకి చెప్పాలని పెట్టారు.

2. పేర్లకు భయపడకండి.

పందొమ్మిదో శతాబ్దం చివరికి ఒకే అవయవానికి పుస్తకానికో పేరు ఉండేది. అన్నీ కలిపితే 50,000 దాకా తేలాయట. 1895లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జర్మన్ అనాటమీ పండితులు కూర్చుని వాటిని 5,500 చిల్లరకు దించారు. మనుషుల పేర్లతో ఉన్నవాటిని తర్వాతి కాలంలో అధికార జాబితాలోంచి తీసేశారు గానీ, వార్డులో సీనియర్లు ఇప్పటికీ ఫెలోపియన్ ట్యూబ్ అనే అంటారు. రెండూ నేర్చుకోండి. వాళ్లతో వాదించకండి.

3. సూది వెయ్యడానికీ అనాటమీ కావాలి.

ఒంట్లోకెల్లా లావైన నరం పిరుదు గుండా కాలిలోకి దిగుతుంది. పిరుదు మీద నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గీతలు ఊహించుకోండి. సూది పై వైపున, బయటి పావులోనే పడాలి. కిందో లోపలి వైపో పొడిస్తే ఆ నరం దెబ్బతిని, పాదం పైకి లేవక ఈడ్చుకుంటూ నడవాల్సి రావచ్చు.

4. వేలు పెట్టి చూపించమనండి, కానీ అక్కడే ఆగకండి.

మనవాళ్లు కడుపులో నొప్పి అన్నారంటే అది రొమ్ము ఎముక కింద నుంచి గజ్జ దాకా ఎక్కడైనా కావచ్చు. గుండెల్లో మంట చాలాసార్లు అన్నవాహికది. అందుకే వేలితో చూపించమనాలి. అయితే లోపలి అవయవాలకు తమ చోటు మెదడుకు సరిగ్గా చెప్పడం చేతకాదు. అపెండిక్స్ వాచినప్పుడు నొప్పి ముందు బొడ్డు చుట్టూ వస్తుంది. దాని నరాలూ, బొడ్డు దగ్గరి చర్మం నరాలూ వెన్నుపాములో ఒకే మట్టంలో చేరడమే కారణం. వాపు పొట్ట లోపలి పొరను తాకాక గానీ నొప్పి కుడి పొత్తికడుపుకు దిగదు. పొద్దున గ్యాస్ అని సోడా తాగి పడుకున్నవాడు రాత్రికి కుడివైపు పట్టుకుని వంగి నడుస్తున్నాడంటే ముందుగా దీన్నే అనుమానించాలి. పిత్తాశయం వాస్తే కుడి భుజం లాగొచ్చు. దాని పైనున్న డయాఫ్రంకు వెళ్లే నరం మెడలో పుడుతుంది, భుజం మీది చర్మానికి వెళ్లేవీ ఆ మట్టం నుంచే బయల్దేరతాయి. గుండెపోటు నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంది. ఏళ్లుగా షుగరున్నవాళ్లలో అసలు నొప్పే లేకుండా చెమట, ఆయాసంతో సరిపోవచ్చు. అలాంటివాళ్లకు ఈసీజీ తీయకుండా గ్యాస్ బిళ్ల చేతిలో పెట్టి పంపకండి.

5. కుడీ ఎడమా ఒకటి కాదు.

కుడి ఊపిరితిత్తిలో మూడు భాగాలు, ఎడమదానిలో రెండు. పైన కాలేయం ఉండటంతో కుడి మూత్రపిండం కాస్త కిందికి ఉంటుంది. సీతాఫలం గింజో పల్లీయో పొరపోయి ఊపిరితిత్తుల్లోకి దిగితే ఎక్కువగా కుడి వైపుకే పోతుంది. అటు వెళ్లే గొట్టం వెడల్పు, పొట్టి, నిలువుగా దిగుతుంది కూడా.

6. వ్యవస్థలు పుస్తకం కోసం చేసుకున్నవి.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా 11 వ్యవస్థలు లెక్కపెడతాయి. రోగం ఆ అధ్యాయాల ప్రకారం రాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎందరు బాధపడుతున్నారో మనందరికీ తెలుసు. మూత్రపిండం అనగానే మీరు విసర్జన అని రాస్తారు. ఎముక మూలుగకు ఎర్రకణాలు తయారుచెయ్యమని హార్మోన్ పంపేదీ అదే. అందుకే జబ్బు ముదిరినవాళ్లు పాలిపోతారు, డయాలసిస్‌తోపాటు రక్తం పెరగడానికి ఇంజెక్షన్లు కావాల్సి వస్తుంది. విటమిన్ డిని ఒంటికి పనికొచ్చేలా మార్చడంలో చివరి మెట్టూ అక్కడే, కాబట్టి ఎముకలు దెబ్బతింటాయి. బీపీని నడిపించే రెనిన్ వచ్చేదీ అక్కడి నుంచే. ఇప్పుడు చెప్పండి, మూత్రపిండం ఏ అధ్యాయంలోది? షుగరు రోగి కాలి పుండు చూసినా అంతే. నరం మొద్దుబారి ముల్లు గుచ్చుకున్న సంగతి తెలియదు, రక్తనాళం సన్నబడి పుండు మానదు, చీము పట్టాక గానీ ఇంట్లో చెప్పరు. పరీక్షలో మాత్రం 11 అనే రాయండి, మార్కులు ఊరికే పోగొట్టుకోవద్దు.

7. పుస్తకంలో ఉన్నట్టే ఎవరూ ఉండరు.

గుండె నుంచి బయల్దేరిన పెద్ద ధమని వంపు మీద మూడు కొమ్మలుంటాయని బొమ్మల్లో చూపిస్తారు. చాలామందిలో అంతే. కొందరిలో మొదటి రెండూ ఒకే మొదలు నుంచి వస్తాయి, వాళ్లకు జీవితాంతం ఏ ఇబ్బందీ ఉండకపోవచ్చు. మన టేబుళ్ల మీద పడుకున్నవాళ్లు తమ శరీరాలను దానమిచ్చింది ఇలాంటివి మనం చూడటానికే. “పుస్తకంలో ఇలా లేదు సార్” అన్న పిల్లలను పుస్తకం మూయించి, పక్క టేబుల్ మీద ఎలా ఉందో చూసి రమ్మనేవాణ్ని.