చల్లని గ్లాసులో కనిపించని క్రిములు

వేసవి సెలవులకు ఇళ్లకు బయలుదేరే రోజున మనలో చాలామంది గణపవరం సెంటర్లో ఆగి చెరకు రసమో, నిమ్మసోడానో, మజ్జిగో తాగి గానీ బస్సెక్కరు. వార్షికోత్సవానికి వచ్చే అన్నయ్యలు, అక్కయ్యలు కూడా పాత కబుర్లు చెప్పుకునేది ఆ బండ్ల దగ్గరే. ఆ గ్లాసులోకి జబ్బు ఏ దారిన వస్తుందో, మనం ఏం చేయగలమో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

క్రిమి ఎక్కడిది?

చెరకు గడలో టైఫాయిడ్ క్రిమి పుట్టదు. రోగి మలం నుంచి నీటిలోకి, నీటి నుంచి గ్లాసులోకి వస్తుంది. టైఫాయిడ్‌కు సాల్మొనెల్లా టైఫీ, కలరాకు విబ్రియో కలరే, రక్త విరేచనాలకు షిగెల్లా అనే బాక్టీరియాలు కారణం. నీటి పరీక్షలో ముఖ్యంగా ఇ.కోలై కోసం చూస్తారు. అది మనుషుల, పశువుల పేగుల్లో ఉండే బాక్టీరియా. నీటిలో అది కనిపించిందంటే మలం కలిసినట్లే. తాగే నీరు 100 మిల్లీలీటర్లలో అది ఒక్కటి కూడా ఉండకూడదని మన దేశ ప్రమాణం.

అనుకూలమైన వేడిలో ఇ.కోలై 20 నిమిషాలకొకసారి రెండుగా చీలుతుంది. ఆ లెక్కన ఒక్క క్రిమి 7 గంటల్లో 20 లక్షలు దాటుతుంది. చెరకు రసంలో దానికి కావలసిన తీపి ఉంది. నిమ్మరసం పులుపు, మజ్జిగ పులుపు క్రిముల పెరుగుదలను కొంత తగ్గిస్తాయి. కానీ వాటిలో నీళ్లు ఎక్కువగా కలిపితే ఆ బలం తగ్గిపోతుంది.

మన ప్రాంతం సంగతి

మనది గోదావరి కాలువల నీరు చెరువుల్లో నింపుకుని తాగే ప్రాంతం. కొల్లేరు వైపు చాలా ఊళ్లలో బోరు నీరు ఉప్పన. మరమ్మతుల కోసం కాలువలు కట్టేసేది వేసవిలోనే. చెరువుల్లో నీరు అడుగంటేదీ, చల్లని పానీయాలు ఎక్కువగా అమ్ముడయ్యేదీ ఆ రోజుల్లోనే.

ఐసు సంగతి మరొకటి. చేపల చెరువుల ప్రాంతం కనుక చేపలు ప్యాక్ చేసే ఐసు దిమ్మలు ఇక్కడ సులువుగా దొరుకుతాయి. అవి తాగే నీటితో చేయాలని తయారు చేసినవి కావు. గడ్డకడితే క్రిములన్నీ చావవు. బతికినవి నిద్రపోయి, ఐసు కరగగానే మళ్లీ లేస్తాయి.

మూడోది గ్లాసులు ముంచే బకెట్. పదిమంది ఎంగిలి గ్లాసులు ఒకే నీటిలో ముంచితే అది కడగడం కాదు, పంచడం.

మనం చేయవలసినవి

1. ఐసు లేకుండా అడగాలి.
2. అప్పటికప్పుడు తీసిన రసమే తాగాలి. ఈగలు వాలిన యంత్రం దగ్గర ఆగవద్దు.
3. మన గ్లాసు గానీ సీసా గానీ వెంట ఉంచుకోవాలి.
4. ఇంట్లో నీరు తెర్లేలా కాచి, మూతపెట్టి చల్లార్చాలి.
5. విరేచనాలు పట్టుకుంటే కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు (చెంచాలు తలగొట్టి) కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. రక్తం పడినా, జ్వరం తగ్గకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మన పొరుగునే ఉన్న భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరిని సంగ్రహణి అనే పేగుల జబ్బు కొద్ది రోజుల తేడాలో బలిగొన్నది. తరువాత ఆయన అమెరికాలో నడిపించిన పరిశోధనల నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలువడింది. అలాంటి మందులను ఇష్టం వచ్చినట్లు వాడినందువల్ల నేడు కొన్ని టైఫాయిడ్ క్రిములు వాటికి లొంగడం లేదు. కనుక జబ్బు రాకుండా చూసుకోవడమే మేలు.

ఒక మాట మరువకూడదు. మనలో కొందరి అమ్మానాన్నలు అలాంటి బండ్ల మీదే మనల్ని చదివిస్తున్నారు. బండి మానిపిస్తే పూట గడవదు. అందుకే ఎవరినీ నలుగురిలో చిన్నబుచ్చవద్దు. "బాబాయ్, కాచిన నీళ్లు వాడండి, గ్లాసులు రెండు బకెట్లలో కడగండి, ఐసు తాగే నీటితో చేసినదేనా అని అడిగి కొనండి" అని మెల్లగా చెబుదాం. ఈ సెలవుల్లో ఒక్కొక్కరం ఒక్క బండి దగ్గరైనా ఈ మాట చెబితే, మనం చదివిన పాఠం సార్థకమవుతుంది.